‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ అంత మసకగా ఎందుకు వినిపిస్తుంది? తప్పు మీ రిమాస్టర్‌ది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అనే అమెరికన్ బ్యాండు వాళ్ల ‘స్టాండ్!’ ఆల్బమ్ విని మీకు పిచ్చిగా నచ్చింది. ఆ ఊపులో 1971 నాటి ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ పెట్టారు. బురదలో ముంచి తీసినట్టుంది. గొంతులు ఎక్కడో వెనక ఉన్నాయి. డ్రమ్స్ ఉండాల్సిన చోట టిక్కుటిక్కుమంటూ ఏదో డబ్బా మోగుతోంది. మీ దగ్గరున్న రిమాస్టర్ (పాత టేపుని సరిచేసి మళ్లీ విడుదల చేసిన కాపీ) పాడైందా, లేకపోతే దీన్ని గొప్ప ఆల్బమ్ అన్నవాళ్లంతా ఒకరిని చూసి ఒకరు అన్నారా అని అడిగారు.

రిమాస్టర్ బాగానే ఉంది. అసలు టేపు మీదే అలా ఉంది. గొప్పదన్నవాళ్లలో కూడా చాలామంది మొదటిసారి విన్నప్పుడు మీలాగే మొహం చిట్లించారు. నేనూ అంతే. ముప్పై ఏళ్లు బేస్ గిటార్ వాయించాను, మద్రాసులో టేపుల కాలంలో మొదలుపెట్టి హైదరాబాదులో కంప్యూటర్ల కాలం దాకా. ఈ ఆల్బమ్ నా చెవికి ఎక్కడానికి నాలుగైదేళ్లు పట్టింది. ఎక్కాక మళ్లీ దిగలేదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

‘స్టాండ్!’ మీకెందుకు అంత నచ్చిందో ముందు చూద్దాం. బ్యాండు నాయకుడు స్లై అసలు పేరు సిల్వెస్టర్ స్టూవర్ట్. 1943లో టెక్సస్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని వలేహో అనే ఊళ్లో చర్చి పాటల మధ్య పెరిగాడు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో నల్లవాళ్ల రేడియోలో డీజేగా పనిచేస్తూ, వాళ్ల పాటల మధ్యలో బీటిల్స్‌నీ బాబ్ డిలన్‌నీ కూడా వేసేవాడు. బ్యాండు పెట్టినప్పుడూ అదే పద్ధతి. తమ్ముడు ఫ్రెడీ గిటార్, చెల్లెలు రోజ్ కీబోర్డ్స్, సింథియా రాబిన్సన్ ట్రంపెట్, లారీ గ్రాహమ్ బేస్. శాక్సోఫోన్ వాయించే జెర్రీ మార్టీనీ, డ్రమ్మర్ గ్రెగ్ ఎరికో తెల్లవాళ్లు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే స్టేజీ మీద, అందులోనూ ఒక అమ్మాయి ట్రంపెట్ ఊదుతూ. 1967 నాటి అమెరికాలో ఆ దృశ్యం చాలామందికి కొత్త. 1969 మొదట్లో ‘ఎవ్రీడే పీపుల్’ నంబర్ వన్ అయింది. మే నెలలో ‘స్టాండ్!’ వచ్చింది. ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తెల్లవారుజామున వాళ్లు ఎక్కేసరికి నిద్రమత్తులో ఉన్న జనం లేచి నిలబడ్డారు.

ఆ రోజుల పాటల్లో గొంతులు మారుతుంటాయి, గమనించారా? ఒక లైను స్లై పాడతాడు, తర్వాతిది లారీ లోతైన గొంతుతో అందుకుంటాడు, ఆపైన రోజ్, ఆపైన ఫ్రెడీ. పండగ రోజు తలుపులు తెరిచి పెట్టిన ఇల్లులా ఉంటుంది. మీరు ‘రయట్’లో వెతుక్కుంది ఆ ఇంటిని. ఆ ఇల్లు అప్పటికే ఖాళీ అవుతోంది.

‘స్టాండ్!’కీ దీనికీ మధ్య రెండున్నరేళ్లు గడిచాయి. ఆ కాలపు లెక్కలో అది చాలా పెద్ద ఖాళీ. 1969 చివర్లో ఒక గొప్ప సింగిల్ వచ్చింది, ‘థాంక్యూ’ అని మొదలయ్యే పెద్ద పేరున్న పాట. దాని సంగతి కిందికి వస్తుంది. ఆ తర్వాత కొత్త సరుకు లేక వాళ్ల రికార్డు కంపెనీ ఎపిక్ 1970 నవంబరులో పాత హిట్లన్నీ కలిపి ఒక రికార్డు వేసి సరిపెట్టుకుంది. ఈలోగా స్లై లాస్ ఏంజెలెస్ చేరాడు, కొకెయిన్ అలవాటు ముదిరింది. ఒప్పుకున్న కచేరీలకు రాకపోవడం మామూలైంది. 1970లో 80 కచేరీలకు 26 ఎగ్గొట్టాడన్న లెక్క ఇప్పటికీ చెబుతారు. ఆ జూలైలో చికాగో గ్రాంట్ పార్కులో ఉచిత కచేరీ అన్నారు. బ్యాండు స్టేజీ ఎక్కకముందే జనానికీ పోలీసులకీ మధ్య కొట్లాట రేగింది. మరోపక్క బ్యాండులో తెల్లవాళ్లెందుకు అంటూ నల్లవాళ్ల ఉద్యమ పార్టీ బ్లాక్ పాంథర్ల ఒత్తిడి. దేశమంతా కూడా అలాగే ఉంది. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు, వియత్నాం యుద్ధం ఆగలేదు, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. ‘మనమంతా ఒకటే’ అని పాడిన మనిషికి అదే పాట మళ్లీ నిజాయితీగా పాడడం కష్టమైంది. ఈ ఆల్బమ్ అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన మసక సంగతి.

రికార్డింగులో ఎక్కువ భాగం బెల్ ఎయిర్‌లో స్లై అద్దెకున్న బంగళాలో జరిగింది. పైన అటకలాంటి గదిలో స్టూడియో పెట్టుకున్నాడు. బ్యాండు ఏడుగురూ ఒకచోట కూర్చుని కలిసి వాయించడం దాదాపు పోయింది. ఎవరు ఎప్పుడు వస్తే అప్పుడు వాళ్ల ముక్క వాయించి వెళ్లిపోయేవాళ్లు. చాలా చోట్ల అన్ని వాద్యాలూ స్లై ఒక్కడే వాయించాడు. వాయించింది చెరిపి మళ్లీ వాయించడం, పాడింది చెరిపి మళ్లీ పాడడం, అదీ నెలల తరబడి, అదే టేపు మీద.

ఫోన్లో పది ట్రాకులు పెట్టుకుని రికార్డు చేసే మీ తరానికి దీని ఫలితం ఏమిటో వెంటనే తెలియకపోవచ్చు. నేను కళ్లారా చూసింది చెబుతాను. కొత్తలో ఒక పాటకి మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా టేకుల మీద టేకులు అయ్యాయి. అదే టేపు ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. చివర్లో మా రికార్డిస్టు మెషిన్ ఆపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ (టేపు రాసుకుంటూ వెళ్లే భాగం) తుడిచి నాకు చూపించాడు. దూది ఇటుకపొడి రంగులోకి మారింది. ‘పొద్దున విన్న తాళాల మెరుపు ఏదీ అన్నావు కదా, ఇదిగో ఇక్కడుంది’ అన్నాడు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప ఆక్సైడ్ పొడి. శబ్దం ఆ పొడి మీదే అచ్చవుతుంది. హెడ్ మీంచి వెళ్లిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది. అరిగినప్పుడు ముందు పోయేవి పైస్థాయి శబ్దాలు, అంటే సింబల్ జిలుగు, గొంతులోని ‘స’కారాలు, గిటార్ తీగ మీద గోరు తగిలిన చప్పుడు. బేస్ పోదు. ఆ పైన చోటు చాలక రెండు మూడు ట్రాకులు కలిపి ఒకదాంట్లోకి దించితే, దించిన ప్రతిసారీ ‘స్స్’మనే హోరు పెరుగుతూ పోతుంది. ఇంత పనిచేసిన టేపులో మిగిలేది మధ్యస్థాయి, బేసు, వాటి మీద ఒక పొగమంచు. ‘రయట్’లో మీరు వింటున్నది ఆ అరుగుదలే. ఏ రిమాస్టరింగూ దాన్ని వెనక్కి తేలేదు, టేపు మీద లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తారు?

ఇది అజాగ్రత్త వల్ల జరిగిందా, కావాలని చేశాడా అని ఎడతెగని వాదన ఉంది. నా మటుకు నాకు ఆ వాదనలో పస కనిపించదు. అరుగుదల అనుకోకుండా వచ్చి ఉండవచ్చు. కానీ విడుదల చేసేముందు స్లై దాన్ని విన్నాడు. అతను మామూలు గాయకుడు కాదు, ఇరవై ఏళ్లు దాటగానే ఇతరుల రికార్డులు ప్రొడ్యూస్ చేసినవాడు. శుభ్రమైన శబ్దం ఎలా ఉంటుందో అతనికి తెలుసు, ‘స్టాండ్!’ చేసింది అతనే. ఇది ఇలాగే బయటికి వెళ్లాలని అతను అనుకున్నాడు. నాకు అది చాలు.

ఇక ఆ డబ్బా. దాని పేరు మాస్ట్రో రిథమ్ కింగ్. ఇంట్లో ఆర్గన్ వాయించుకునేవాళ్లకు తోడుగా ఉండేందుకు తయారుచేసిన పెట్టె. మీటలు నొక్కితే రాక్, బోసానోవా లాంటి తయారు రిథమ్‌లు మోగుతాయి. మన పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా కీబోర్డు అబ్బాయి ఒక బటన్ నొక్కి, డ్రమ్మర్ లేకుండా పాట నడిపించేస్తాడు చూశారా, ఆ బటన్‌కి ఇది తాత. నిజమైన సంగీతకారులు దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లు. 1971లో గ్రెగ్ ఎరికో విసిగిపోయి బ్యాండు వదిలి వెళ్లాక స్లై ఆ పెట్టె మీద వాలిపోయాడు. ‘ఫంక్ బాక్స్’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. కొన్ని పాటల్లో దాని మీదే అసలు డ్రమ్స్ కూడా వేయించాడు.

బేస్ వాయించేవాడిగా నన్ను పట్టుకుంది ఇక్కడే. ఫంక్‌లో ప్రాణమంతా తాళంలోని మొదటి దెబ్బలో ఉంటుంది, ఆ సంగీతానికి దారి వేసిన జేమ్స్ బ్రౌన్ నేర్పింది అదే. బ్యాండు మొత్తం ఆ దెబ్బ మీద కలిసి పడాలి, మిగతా లెక్కంతా ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుకోవచ్చు. మంచి డ్రమ్మర్ ఉంటే అతను మన వాయింపు విని ఒక పిసరు ముందుకో వెనక్కో జరుగుతాడు, మనం అతనికి జరుగుతాం. యంత్రం అలా కాదు, ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ వినదు. దాని పక్కన బేసుని వెంట్రుకవాసి వెనక వాయిస్తే, నడిచిపోతున్న గడియారం పక్కన కాళ్లీడ్చుకుంటూ వస్తున్న మనిషి కనిపిస్తాడు. ఆ ఎడమే ఈ ఆల్బమ్ గ్రూవ్, అంటే లయలోని ఊపు. మొదటి పాట ‘లవ్ ఎన్ హేట్’లో హాయిగా ఉంది, కదలాలని లేదు అన్న అర్థం వచ్చే మాటలు మళ్లీ మళ్లీ పాడుతుంటే కింద వాద్యాలు ఆగకుండా కదులుతూనే ఉంటాయి. ఒక్కసారి దాని మీద మనసు పెట్టి వినండి.

‘ఫ్యామిలీ అఫైర్’ దగ్గర కాసేపు ఆగాలి. మూడు నిమిషాల పాట. రిథమ్ పెట్టె, బిల్లీ ప్రెస్టన్ ఎలక్ట్రిక్ పియానో, బాబీ వొమాక్ గిటార్, స్లై బేస్. పల్లవి రోజ్ పాడుతుంది. బ్యాండు పేరులోనే కుటుంబం ఉంది, ఈ పాట పేరులోనూ ఉంది, కానీ ఇందులో వినిపించే కుటుంబం ఆ అన్నాచెల్లెళ్లిద్దరే. స్లై గొంతు ఎంత కిందికి దిగిందో చూడండి. ‘స్టాండ్!’లో మైకుకి దూరంగా నిలబడి పిలుస్తున్నట్టు పాడిన మనిషి, ఇక్కడ మన భుజం పక్కన కూర్చుని, ఎవరూ వినకూడదన్నట్టు గొణుగుతాడు. విషయం కూడా అలాంటిదే. ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. ఒకడికి చదువంటే ప్రాణం, ఇంకొకడిని చూస్తేనే ఒళ్లు మండుతుంది. తల్లికి ఇద్దరూ కావాలి, రక్తసంబంధం అలాంటిది. తర్వాత పెళ్లై ఏడాదైనా ఇంకా ఒకరినొకరు అంచనా వేసుకుంటున్న జంట వస్తుంది. మనసు అక్కడే ఉంది కాబట్టి వెళ్లిపోలేని, అలాగని ఉండనూ లేని మనిషి వస్తాడు. ఎవరినీ తిట్టడు, తీర్పు చెప్పడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని ఊళ్లో సంసారాల గురించి చెప్పుకునే గొంతు అది. చివర్లో మాటలయిపోయి ఒక్క అరుపులాంటిది వస్తుంది. నేను ఆ అరుపు కోసమే పాట మళ్లీ పెట్టుకుంటాను.

అలాంటి పాట 1971 డిసెంబరులో మూడు వారాలు అమెరికాలో నంబర్ వన్‌గా ఉంది. డ్రమ్ మెషిన్ వినిపించే పాటల్లో అంత పెద్ద హిట్టయిన తొలి వాటిలో ఇదొకటి. ఆల్బమ్ కూడా ఆ నెలలోనే చార్టులో పైకెక్కింది. ఈ బ్యాండుకు నంబర్ వన్ అయిన ఒకే ఒక్క ఆల్బమ్ ఇది. ఆ రకంగా చూస్తే ‘జనానికి అప్పట్లో నచ్చలేదు, తర్వాతే గుర్తించారు’ అన్న కథ పూర్తిగా నిజం కాదు. జనం ఆత్రంగా కొన్నారు. తికమకపడింది కొని ఇంటికి తెచ్చుకున్నాక.

విమర్శకుల స్పందన కూడా అలాగే రెండుగా చీలింది. ‘రోలింగ్ స్టోన్’లో విన్స్ అలెట్టి రాసిన సమీక్ష చదివితే మీ ప్రశ్నే గుర్తొస్తుంది. మొదట ఆ నీరసం, శక్తిలేమి తనకు నచ్చలేదని, ఆ లక్షణాలు ఇంకా నచ్చడం లేదని అతను దాచుకోకుండా చెప్పాడు. కానీ వినగా వినగా అందులోని నిజాయితీని గౌరవించక తప్పలేదన్నాడు. రాబర్ట్ క్రిస్ట్‌గౌ అయితే ఏ ప్లస్ ఇచ్చాడు, అతను ఆ మార్కు ఇవ్వడం అరుదు. 1975లో గ్రీల్ మార్కస్ తన ‘మిస్టరీ ట్రెయిన్’ పుస్తకంలో స్లైకి ఒక అధ్యాయమే కేటాయించి, అమెరికన్ల ఆశలు కూలిన తీరుకి ఈ ఆల్బమ్‌ని సాక్ష్యంగా నిలబెట్టాడు. తర్వాత ఎవరు దీని గురించి రాసినా ఎంతో కొంత మార్కస్ నీడలోనే రాశారు. రోలింగ్ స్టోన్ 500 ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 99వ స్థానం, 2020లో 82.

‘ఒకరిని చూసి ఒకరు’ అన్న మీ అనుమానం విమర్శకుల విషయంలో కొంత చెల్లుతుందేమో. వాద్యకారుల విషయంలో చెల్లదు. వాళ్లు పుస్తకాలు చదివి కాదు, రికార్డు విని మారారు. జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ 1972లో ‘ఆన్ ది కార్నర్’ చేసినప్పుడు స్లై ప్రభావం గురించి తనే చెప్పాడు. జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 1973 నాటి ‘హెడ్ హంటర్స్’లో ఒక పాటకు ‘స్లై’ అనే పేరు పెట్టాడు. 1972లో టిమ్మీ థామస్ ఒక ఆర్గన్, ఒక రిథమ్ పెట్టె మాత్రమే పెట్టుకుని ‘వై కాంట్ వి లివ్ టుగెదర్’ చేశాడు. ఆ పెట్టె చప్పుడు మీరు వినే ఉంటారు, 2015లో ర్యాపర్ డ్రేక్ ‘హాట్‌లైన్ బ్లింగ్’కి తీసుకున్నది దాన్నే. ప్రిన్స్, డి’యాంజెలో ఇద్దరూ ఈ గొణుగుడు గొంతు, వెనకబడే బేస్ నుంచి నేర్చుకున్నవాళ్లే. హిప్‌హాప్ వచ్చాక, పడకగదిలో కూర్చుని ఒక్కరే రికార్డు చేసుకోవడం మామూలయ్యాక, ఈ ఆల్బమ్ శబ్దం వింతగా అనిపించడం మానేసింది. ఆల్బమ్ మారలేదు, చుట్టూ చెవులు మారాయి.

అయితే మీ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. దీన్ని పొగిడేవాళ్లు చాలామంది ఆ భాగం దాటేస్తారు. ఏడుగురి బ్యాండు ఇందులో లేదు. ఎరికో వెళ్లిపోయాడు, మరుసటి ఏడాది లారీ గ్రాహమ్ కూడా వెళ్లిపోయాడు. మార్టీనీ, సింథియా చాలా పాటల్లో వినిపించీ వినిపించకుండా ఉంటారు. గొప్ప ఆల్బమ్ వచ్చింది, గొప్ప బ్యాండు పోయింది. ఇంకోటి, మత్తుమందుల వల్లే ఇంత గొప్ప సంగీతం పుట్టిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. ఆ తర్వాత స్లై జీవితంలో అవే మత్తుమందులు దశాబ్దాల తరబడి ఉన్నాయి, ఇలాంటి సంగీతం మాత్రం మళ్లీ మళ్లీ రాలేదు. 2025 జూన్‌లో 82 ఏళ్ల వయసులో పోయాడు. ఆ వార్త చదివిన రాత్రి నేను పెట్టుకున్నది ‘ఫ్యామిలీ అఫైర్’ కాదు, ‘రన్నిన్ అవే’. తేలికపాటి ట్రంపెట్, చిన్నపిల్లల పాటలాంటి ట్యూను, మధ్యలో ‘హ హ’ అని నవ్వు. ఆ నవ్వు ఎవరిని చూసి నవ్వుతోందో తెలిశాక గుండె బరువెక్కుతుంది.

ఆల్బమ్ పేరే పెట్టిన పాట (‘అల్లర్లు జరుగుతున్నాయి’ అని ఆ పేరుకి అర్థం) మీ ప్లేయర్‌లో కనిపించడం లేదని కూడా రాశారు కదా. ఫైలు పోలేదు. రికార్డు మీద ఆ పాట నిడివి సున్నా అని వేశారు. చికాగో కొట్లాటకు గుర్తు అని అభిమానులు చాలా ఏళ్లు అనుకున్నారు. తర్వాత స్లైని అడిగితే, అల్లర్లే ఉండకూడదనుకున్నాను, అందుకే దానికి నిడివి లేదు అన్న అర్థంలో చెప్పాడు. అట్ట మీద అమెరికా జెండా కూడా అతని ఆలోచనే. నీలం బదులు నలుపు, నక్షత్రాల బదులు సూర్యుళ్లు. ఎరుపు ఎందుకంటే, మనుషులందరి రక్తం ఒకటే రంగు కాబట్టి. కాబట్టి ఆశ పూర్తిగా ఆరిపోయిన ఆల్బమ్ అనడం కూడా తొందరపాటే.

ఎలా వినాలో చెప్పి ముగిస్తాను. మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి వద్దు, 47 నిమిషాలు ఇప్పుడే మీకు బరువవుతాయి. ముందు 1969 నాటి ఆ సింగిల్, ‘థాంక్యూ ఫలెట్టిన్మి బి మైస్ ఎల్ఫ్ అగిన్’ వినండి. అందులో లారీ బొటనవేలితో తీగను కొట్టి, మరో వేలితో లాగి వదులుతాడు. వాళ్లమ్మతో కలిసి కచేరీలు చేసే రోజుల్లో డ్రమ్మర్ లేకపోతే, డ్రమ్స్ లోటు తీర్చడానికి బేస్ మీదే కనిపెట్టుకున్న పద్ధతి అది. నేను ఆ పాట క్యాసెట్ మీద వేలు పెట్టి ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ బొటనవేలు బొబ్బలెక్కేదాకా నేర్చుకున్నాను. అది అయ్యాక వెంటనే ‘రయట్’ చివరి పాట పెట్టండి, ‘థాంక్యూ ఫర్ టాకింగ్ టు మి ఆఫ్రికా’. అదే పాట, అవే మాటలు, విలంబ కాలంలో. ఐదు నిమిషాల లోపున్నది ఏడు నిమిషాలు దాటింది. మొదటిదాంట్లో సరదాగా దాటిపోయిన మాటలు రెండోదాంట్లో ఒక్కొక్కటీ ఆగి మన మొహంలోకి చూస్తాయి. తుపాకీ పట్టుకున్న వాడితో పెనుగులాట అన్న మొదటి చరణం మొదటిసారి అర్థమయ్యేది అక్కడే. హెడ్‌ఫోన్స్ వాడండి, సౌండ్ కొంచెం తగ్గించి పెట్టండి. ట్రెబుల్ పెంచకండి, హోరు తప్ప ఏమీ రాదు. బేస్ ఒక్కదాని వెంటే వెళ్లండి.

తర్వాత ‘ఫ్యామిలీ అఫైర్’, ‘రన్నిన్ అవే’, ‘(యు కాట్ మి) స్మైలిన్’ ఈ వరసలో. వారం ఆగి ‘జస్ట్ లైక్ ఎ బేబీ’, రాత్రిపూట. ‘స్పేస్డ్ కౌబాయ్’ ఇప్పటికీ నాకు ఎక్కదు, మీకు ఎక్కకపోతే దాటేయండి. అప్పటికీ ‘రయట్’ మీకు అందకపోతే 1973లో వచ్చిన ‘ఫ్రెష్’కి వెళ్లండి. దాని మొదటి పాట ‘ఇన్ టైమ్’లో అదే రిథమ్ పెట్టె ఉంటుంది, కానీ దాని చుట్టూ ఆండీ న్యూమార్క్ అనే డ్రమ్మర్ నిజమైన డ్రమ్స్ వాయిస్తాడు. పెట్టె ఎక్కడ ఆగుతోందో, అతని హైహ్యాట్ (జంట తాళాలు) ఎక్కడ మొదలవుతోందో విడదీసి వినడానికి ప్రయత్నించండి. అది విడదీయగలిగిన రోజు ‘లవ్ ఎన్ హేట్’ మళ్లీ పెట్టి, ఏమనిపించిందో నాకు రాయండి.